నడిమి అతుకు

వీపు అటు తిప్పి కూర్చోమంది నా కోడలు నాగదుర్గ. కూర్చున్నాను. నల్ల కళ్లద్దాల మీదుగా తువ్వాలు నాలుగు మడతలు పెట్టి తనే కట్టింది, దాగుడుమూతలాటలో పిల్లాడికి కట్టినట్టు. ఏలూరులో కుడికంటి శుక్లం తీసి పన్నెండు రోజులైంది. వెల్డింగ్ వెలుగు ఇప్పట్లో కంట పడకూడదని డాక్టరుగారు నాకు ఒకసారి, నా మీద నమ్మకం లేక నా కోడలికి మూడుసార్లు చెప్పి పంపాడు. నలభై మూడేళ్లు ఆ వెలుగు పెట్టిన అన్నమే తిన్నవాణ్ణి, ఇవాళ దానికి వీపు చూపించి గువ్వలంక కాలవ గట్టు మీద తూము ఎక్కి కూర్చున్నాను. నా వెనక ఇరవై అడుగుల దూరంలో నేను కట్టిన ఇనప వంతెన, దాని కింద ఊతగా పాతిన సరుగుడు బాదులకు కట్టేసిన పడవలో నా కోడలు, ఆమె చేతిలో గ్రైండర్. అది ఇంకా రంగు మీదే ఉంది. రంగు గీకేటప్పుడు చప్పుడు పల్చగా ఉంటుంది, ఇనుము తగిలాక చిక్కబడుతుంది. ఆ తర్వాత ఇంకో చప్పుడు రావాలి, అది ఎందుకొస్తుందో భూమ్మీద నాకొక్కడికే తెలుసు. అది వచ్చేలోపు ఆ పిల్లకి ఒక మాట చెప్పాలి. పొద్దున కైకలూరులో వ్యాను ఎక్కేటప్పుడే చెబుదామనుకున్నాను. మండవల్లి దాటాక చెబుదామనుకున్నాను. పడవలోకి దిగే ముందు షీల్డు సరిచూసుకుంటూ "ఇంకేమన్నా చెప్పాలాండీ" అని తనే అడిగింది కూడా. "పాతబడిందమ్మా, కోసి మళ్లీ వెయ్యి" అన్నాను. నా నోట్లోంచి అంతే వచ్చింది.

సోమవారం బడులు తెరుస్తారు. ఈ లంకలో నలభై మంది పిల్లలు ఈ వంతెన దాటే బడికి పోవాలి. పోయిన నెల నేను సైకిలు తోసుకుంటూ వస్తుంటే కుడి దూలం మీద, సరిగ్గా నడిమి అతుకు దగ్గర, రంగు చీలి సన్నటి తుప్పు గీత కనపడింది. ఒక కన్ను మసక, ఒక కన్ను అంతకన్నా మసక, అయినా అదే కనపడింది. ఆ రోజు నుంచి నిద్రలేదు. ఆపరేషన్ బల్ల మీద పడుకోబెట్టి డాక్టరుగారు "భయపడుతున్నారాండీ" అంటే అవునన్నాను, ఆయన కంటి గురించి అనుకున్నాడు. ఇవాళ శనివారం. రొయ్యల చెరువు షెడ్డు నుంచి కరెంటు తీసుకున్నాం, అయిదింటికల్లా తీగ విప్పెయ్యాలి, సాయంత్రమైతే వాళ్ల చెరువులో గాలి పట్టించే తెడ్లు తిరగాలి. టైము ఎంతైందో చూసుకోవడానికి లేదు. ఎండ ఎడమ చెంప మీద ఉంది. గుర్రపుడెక్క కుళ్లిన వాసన, ఎక్కడో మేత బస్తాలు విప్పిన వాసన, గట్టు మీద దాటడానికి నిలబడ్డవాళ్ల గుసగుసలు. పైన గూడబాతు పోయినట్టుంది, రెక్కల బరువు వినపడింది.

చూడకు, విను, అనేవాడు నాకు పని నేర్పిన యోసేపు మేస్త్రీ. నేను వెళ్లింది పని నేర్చుకుందామని కాదు, పెంటపాడు నుంచి ట్రాక్టరు దమ్ము చక్రం విరిగితే అతికించుకు రమ్మని మా నాన్న పంపితే తాడేపల్లిగూడెంలో ఆయన కొట్టుకి వెళ్లాను. పంతొమ్మిదేళ్లు. ఆయన రాడ్ తాకించగానే లేచిన ఆ వెలుగుని కళ్లప్పగించి చూశాను, అద్దం లేదు, ఆపేవాడు లేడు, గంటసేపు అలాగే చూశాను. రాత్రికి కళ్లలో దోసెడు ఇసక పోసినట్టయింది. మా అమ్మ పక్కింటి బాలింత చేత చనుబాలు వేయించి తిట్టింది. మర్నాడు ఎర్రటి కళ్లతో మళ్లీ ఆ కొట్టు ముందే నిలబడ్డాను. "మళ్లీ ఏం విరిగిందబ్బాయ్" అన్నాడు మేస్త్రీ. ఏమీ విరగలేదండి, నేర్పుతారాండీ అన్నాను. ఉన్న రెండున్నరెకరాలూ అన్నదమ్ములు ముగ్గురికి చాలవని అప్పటికే ఇంట్లో మాట నడుస్తోంది కనక నాన్న కూడా కాదనలేదు. మొదటి రెండు నెలలు ఆయన నాకు రాడ్ పట్టే హోల్డర్ ఇవ్వలేదు. పక్క టీకొట్టు వైపు తిప్పి కూర్చోబెట్టి, తను వెనక పని చేస్తూ, ఇప్పుడెలా ఉంది, ఇప్పుడెలా ఉంది అని అడిగేవాడు. గారె వేగినట్టుండాలబ్బాయ్, చిటపటమంటే చెయ్యి దూరమైపోయింది, గొంతు నొక్కినట్టుంటే మరీ మీద పడిపోయావు, చూసేవాడికి మెరుపే కనపడుద్ది, వినేవాడికి అతుకు కనపడుద్ది. టీకొట్టు పొయ్యి పక్కన రాడ్ల డబ్బా పెట్టించేవాడు, చెమ్మ పట్టిన రాడ్ అబద్ధాలకోరు అనేవాడు. ఆదివారం చర్చి నుంచి తెల్లచొక్కాతో వస్తూ కొట్టు తాళం తీసి, శనివారం నేను చిత్తు ముక్కల మీద వేసిన అతుకుల్ని సుత్తితో కొట్టి చూసేవాడు. విరిగినవి గడప మీద పెట్టి వెళ్లిపోయేవాడు. ఒక్క మాట అనేవాడు కాదు. సోమవారం నేను లోపలికి పోవాలంటే వాటిని దాటుకునే పోవాలి. మొదట్లో పది పన్నెండు ఉండేవి. ఏడాది తిరిగేసరికి ఒకటో రెండో. మూడో ఏడు ఒక సోమవారం గడప ఖాళీగా ఉంది. ఆ ఖాళీ గడప దగ్గర నిలబడి నేను ఏడ్చాను, పెళ్లయిన రోజున కూడా అంత సంతోషం లేదు, ఈ మాట మా ఆవిడ వెంకటనరసమ్మకి ఎప్పుడూ చెప్పలేదు.

ఇనుము తగిలింది. చప్పుడు చిక్కబడింది. చెప్పు, జగ్గారావూ. అమ్మా ఒక్క నిమిషం ఆపు అంటే ఆపుతుంది.

వలతాడుతో కొలిచాను, అదీ నేను చేసిన పని. తుఫానుకి తాటిపట్టెల వంతెన కొట్టుకుపోతే ప్రెసిడెంటు ప్రసాదరావుగారు కైకలూరులో నా కొట్టుకి వచ్చి, ఇనప వంతెన కావాలండి అన్నారు. అప్పటికి నాకు ముప్ఫై ఆరేళ్లు. నేర్చుకునే రోజుల్లో చేసిన తప్పైతే ఈపాటికి నవ్వుకునేవాణ్ణి. పదిహేడేళ్ల పనివాణ్ణి, పేరున్నవాణ్ణి, టేపు పొట్టిదైతే పొడుగుది తెచ్చుకోవాలి కదా, అబ్బే, మీ వలతాడు ఒకటి ఇవ్వండి చాలు అన్నాను. ఇద్దరు బెస్తవాళ్లు ఈ గట్టున ఒకరు ఆ గట్టున ఒకరు, వల లాగే చేతులు కదా, బిర్రుగా లాగి పట్టుకున్నారు. నేను ముడులు వేసుకుని, చుట్ట చుట్టి జేబులో పెట్టుకుని వచ్చేశాను. కొట్లో నేల మీద వదులుగా పరిచి, ఆ పొడుగుకి ఇనప ఛానళ్లు కోయించాను. నైలాను తాడు లాగితే సాగుతుంది, వదిలితే ముడుచుకుంటుంది. ఈ సంగతి ఈ లంకల్లో ఆరేళ్ల పిల్లకి తెలుసు. దూలాలు రెండేసి ముక్కలుగా లారీలో తెచ్చి, ఇక్కడ బాదుల మీద నిలబెట్టి మధ్యలో కలపబోతే కలవలేదు. రెండు దూలాలకీ నడిమధ్యన వేలు పట్టేంత సందు. నా దగ్గర ఒకే ఒక్క ఇనప ప్లేటు ఉంది, దాన్ని ఎడమ దూలానికి వెనకనుంచి వేసి సక్రమంగా అతికాను. కుడి దూలానికి ఏమీ మిగల్లేదు. కైకలూరు పోయి తెచ్చుకోవాలి, అంటే మర్నాడు. రెండు గట్ల మీదా ఊరు ఊరంతా నిలబడి ఉంది. ప్రసాదరావుగారు మేళం కూడా పిలిపించారు. "అయిపోయినట్టేనాండీ" అని అడిగారు. కొలత తప్పిందండి అనాలి. రెండే మాటలు. అంతమంది ముందు, మేళం ముందు, కొలత తప్పిందని చెప్పుకోవాల్సి వచ్చేసరికి సిగ్గేసింది. లారీలో చూపుడువేలంత ఊచముక్క ఉంటే తీసి సందులో పెట్టి, పైపైన రాడ్‌తో రెండు వరసలు పూసేశాను. ఎంత అందంగా పూశానంటే ఎడమదానికన్నా ఇదే బాగుంది. పైన పటారం లోన లొటారం. రెడ్ ఆక్సైడ్ రంగు వేసి, అయిపోయిందండి అన్నాను. మేళం మోగింది. నా మెళ్లో దండ వేసి నన్నే ముందు నడవమన్నారు, ఆ అతుకు మీద కాలు పెట్టకుండా పెద్ద అడుగు వేసి దాటాను.

ఆ తర్వాత నన్ను వంతెన జగ్గారావు అన్నారు. మంచుగడ్డల మిల్లు పైపులు, బియ్యం మిల్లు బాయిలర్ మెట్లు, చేపల లారీల తొట్లు, అన్నీ ఆ పేరు మీదే వచ్చాయి. నిజం చెప్పాలంటే నాకు పని అసలు వచ్చింది ఆ తర్వాతే. భయం నేర్పినట్టు యోసేపు మేస్త్రీ కూడా నేర్పలేదు. పైపు చుట్టూ తిరిగే అతుకు నేర్చుకున్నాను, తల మీద నుంచి నిప్పులు రాలుతుంటే కిందనుంచి వెయ్యడం నేర్చుకున్నాను, యాభై దగ్గరపడ్డాక మిల్లులో నా కొడుకు వయసు ఇంజనీరు దగ్గర కూర్చుని, సందు ఎంత వదలాలో, ముందు అడుగు వరస, అంటే వేరు, ఎలా పట్టించాలో అడిగి నేర్చుకున్నాను. వేసిన ప్రతి అతుకూ కొట్టి చూసుకునేవాణ్ణి, నాకు నేనే గడప. అయితే ఏమైందంటే, పనితనం పెరిగినకొద్దీ ఆ ఒక్క అతుకు ఇంకా ఇంకా చెడ్డదిగా కనపడింది. ముప్ఫై ఆరేళ్లప్పుడు అది చిన్న కక్కుర్తి. యాభై ఏళ్లకి అది హత్యాప్రయత్నం. మరి ఇరవై ఆరేళ్లు ఎందుకు ఊరుకున్నావయ్యా అంటే, రెండుసార్లు వచ్చాను, కోద్దామనే వచ్చాను. కొయ్యాలంటే బాదులు పాతాలి, నలుగురిని పిలవాలి, విప్పాక లోపలిది నలుగురూ చూడాలి. రెండుసార్లూ రంగు వేసి వెళ్లిపోయాను. కట్టినవాడే వచ్చి సొంతంగా రంగేసి పోయాడని దానికీ మెచ్చుకున్నారు. ఆ మెప్పు తింటే అరగలేదు.

నాగదుర్గది ఈ ఊరే. ఇదే నేను తప్పించుకోలేనిది. సంబంధం మాట్లాడుకోవడానికి వచ్చినప్పుడు వాళ్ల నాన్న, "మా పిల్ల పదేళ్లు మీ వంతెన మీదే బడికెళ్లిందండి. అంత గట్టి పని చేసినాయన ఇంట్లో పడితే ఇంకేం కావాలండి" అన్నాడు. కాఫీ గ్లాసు తాగకుండానే కింద పెట్టేశాను. ఇంటికొచ్చాక వెంకటనరసమ్మ, "మొహం అలా పెట్టుకున్నారేంటండీ, పిల్ల నచ్చలేదా" అంది. నచ్చకపోవడమేంటి. మా ప్రదీప్‌కి ఇనుము అబ్బలేదు, వాడు చేపల వ్యాను తోలతాడు, వాడికి ఈ పిల్ల దొరకడం వాడి అదృష్టం. ఒకరోజు అన్నం క్యారేజీ తెచ్చి, నా పని అయ్యేదాకా కొట్టు అరుగు మీద అటు తిరిగి కూర్చుంది. కూర్చున్నదల్లా, "మావయ్యగారండీ, ఇప్పుడెందుకో తేడాగా పలికిందండి" అంది. చిప్పింగ్ సుత్తితో కొట్టి చూశాను. లోపల కిట్టం, రాడ్ కరిగిన మడ్డి, చిక్కుకుని ఉంది. నాకు వినపడలేదు, ఆ పిల్లకి వినపడింది. ఆ రోజే హోల్డర్ చేతికిచ్చాను. కోడలి చేతికి నిప్పేంటండీ అని మా ఆవిడ నెల రోజులు గొడవ చేసి, చివరికి వడియాల పళ్లెం పక్కనే పొయ్యి మీద రాడ్ల డబ్బా తనే ఆరబెట్టడం మొదలుపెట్టింది. తొమ్మిదేళ్లు. ఇప్పుడు నాగదుర్గ అతుకు నా అతుకుకన్నా బాగుంటుంది. పని మీద వచ్చినవాళ్లకి, మా మావయ్యగారిదండి గువ్వలంక వంతెన, అని తనే చెబుతుంది. ఆ మాట అన్నప్పుడల్లా లోపలికి పోయి ఏదో వెతుక్కుంటాను.

చప్పుడు మారింది.

బొంగురుగా, డొల్లగా, రెండు గొంతులు ఒకేసారి పలికినట్టు. డిస్కు ఊచని తాకింది. ఆ తర్వాత వణుకు, వదులు ముక్క లోపల కొట్టుకుంటోంది. గ్రైండర్ ఆగింది. ఊచముక్క పడవ చెక్క మీద టంగుమని పడింది. చిన్న చప్పుడు. ఇరవై ఆరేళ్లుగా నా చెవుల్లో అది ఇంకా పెద్దది.

"మావయ్యగారండీ."

"ఊఁ."

"ఇందులో అతుకే లేదండి. ఊచముక్క కూరి పైన పూసేశారండి. ఎవడో దొంగపని చేశాడు."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి దానంతటదే తువ్వాలు మీదికి పోయింది. ఆ పిల్ల గొంతులో అసహ్యం. పని తెలిసినవాళ్లకే వచ్చే అసహ్యం, నేను నేర్పిందే.

"మీరు కట్టాక మధ్యలో ఎవరన్నా రిపేరు చేశారాండీ?" అంది.

నేను మాట్లాడేలోపే గట్టు మీంచి రత్నమాణిక్యమ్మ అందుకుంది, ఈ ఊళ్లో అందరికన్నా పెద్దావిడ. "చేశారమ్మా, ఆ వరదొచ్చిన యేడు ఎవరో వచ్చి ఏదో చేసినట్టే గుర్తు. జగ్గారావుగారి పని అలా ఎందుకుంటదే?"

అదిగో, తలుపు తీసి పెట్టేసింది ముసలమ్మ. ఊఁ అంటే చాలు. ఊఁ అనక్కర్లేదు, ఊరుకుంటే చాలు. కొత్త అతుకు పడిపోతుంది, పిల్లలు సోమవారం క్షేమంగా దాటుతారు, ఊచముక్క కాలవలో పడిపోతుంది, ఎవరికీ నష్టం లేదు. నా పేరు నాకుంటుంది. నా కోడలి ముందు నేనుంటాను. నాకది కావాలి, ఎంత కావాలంటే ఒళ్లంతా చెమట పట్టింది. తువ్వాలు చీకట్లో తాడేపల్లిగూడెం కొట్టు గడప కనపడింది, దాని మీద ఒకే ఒక్క ముక్క, తెల్లచొక్కాతో ఆయన, తిట్టకుండా వెళ్లిపోతూ.

"ఎవరూ చెయ్యలేదమ్మా," అన్నాను. "నేనే పెట్టాను. కట్టిన రోజునే. కొలత తప్పింది, చెప్పుకోలేక పెట్టాను."

రత్నమాణిక్యమ్మ "అయ్యో రామా" అంది మెల్లగా. పడవ కింద నీళ్లు తపతపమన్నాయి. తువ్వాలు విప్పి వెనక్కి తిరిగి ఆ పిల్ల మొహం చూడాలనిపించింది, చూడటానికి భయమేసింది.

నాగదుర్గ అడిగింది. "నేను బడికెళ్లినప్పుడూ ఇలాగే ఉందాండీ?"

"ఉందమ్మా."

"మా చెల్లిని ఎత్తుకుని దాటేదాన్నండి."

"నాకు తెలుసమ్మా. ఆ సంగతి మీ నాన్న చెప్పాడు."

తిట్టినా బాగుండేది. అడుగుల చప్పుడు గట్టు ఎక్కి వచ్చింది, నా పక్కన ఆగింది, నా అరచెయ్యి తెరిచి ఊచముక్కని అందులో పెట్టింది. ఇంకా వెచ్చగా ఉంది. అడుగులు వెళ్లిపోయాయి. నేను దాన్ని గుప్పెట్లో పట్టుకుని కూర్చున్నాను, అరవై రెండేళ్ల మనిషిని, గడప మీద విరిగిన ముక్క పెట్టించుకుని.

ప్లేటు పెట్టింది. సుత్తితో సరిచేసింది. వేరు పట్టించే మొదటి రాడ్ తాకించింది. వీపు మీద వెలుగు పడిందో లేదో గానీ నాకు పడినట్టే ఉంది. మొదట బాగానే పలికింది, గారె నూనెలో వేసినప్పటిలా సన్నగా, నిండుగా. సగం రాడ్ అయ్యేసరికి చిటపటమంది. చెయ్యి వణికింది. వెంటనే సర్దుకుంది, మళ్లీ నిండుగా పలుకుతోంది, గట్టు మీద ఎవరికీ తెలియదు, పైన చూసినా తెలియదు, కానీ ఆ వణికిన చోట గోరంత కిట్టం లోపల ఉండిపోయింది. నాకు తెలుసు. అది నా వల్లే వణికింది. ఎండ మెడ మీదికి జారింది, అయిదు కావస్తోందేమో, షెడ్డువాళ్లు వచ్చేస్తారు. అందరూ దాటడానికి నిలబడే ఉన్నారు. కోసెయ్యమ్మా, మళ్లీ వెయ్యి, అని చెప్పాలి. ఏ నోటితో చెప్పను? ఊచముక్క గుప్పెట్లో పెట్టుకుని ఇంకొకరి అతుక్కి వంక పెట్టే హక్కు నాకు ఏం మిగిలింది? అయినా చెప్పాలి. సిగ్గుపడే కదా అప్పుడు నోరు మూసుకున్నాను. గొంతు సవరించుకున్నాను. నాగదుర్గా, అనబోయాను.

గ్రైండర్ మోగింది.

ఎవరూ చెప్పకుండానే, ఎవరూ అడగకుండానే, తన అతుకుని తనే కోసేస్తోంది. "ఏమైందమ్మా" అని గట్టు మీంచి ఎవరో అంటే, "బాగా రాలేదండి, మళ్లీ వేస్తున్నాను" అంది, అందరికీ వినపడేలా, మామూలుగా. ఆ మాట అనడం ఇంత తేలికని నాకు ఇరవై ఆరేళ్లు తెలియలేదు. తువ్వాలు తడిసిపోయింది. కంట్లో తడి చేరకూడదని కూడా డాక్టరుగారు చెప్పాడు.

గ్రైండర్ ఆగింది. షీల్డు కిందికి దించిన చప్పుడు.

"మావయ్యగారండీ," అంది. "వింటున్నారా?"

"వింటున్నానమ్మా," అన్నాను.

రాడ్ తాకించింది.